ఒక ఫిర్యాదు - పదిహేడేళ్ల పోరాటం

ముప్పై, నలభై సంవత్సరాలు సర్వీసు చేసిన మనకు పై అధికారి మీద ఫిర్యాదు చేయడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. బదిలీ, ప్రమోషన్, రహస్య నివేదిక అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఫిర్యాదు చేసేది స్త్రీ అయి, అది ఆమె గౌరవానికి సంబంధించినదైతే ఆ కష్టం రెట్టింపవుతుంది. పనిచేసే చోట స్త్రీలకు నేడున్న చట్టరక్షణ ఒక్కరోజులో వచ్చింది కాదు. దానికి దారి వేసిన కేసుల్లో ఒకదాన్ని మన సభ్యులు, ముఖ్యంగా ఉద్యోగాలు చేస్తున్న మన కూతుళ్లు, కోడళ్లు తెలుసుకోవాలని ఈ వ్యాసం.

విందులో జరిగినది

అది 1988వ సంవత్సరం. పంజాబ్ ఉగ్రవాదంతో అట్టుడుకుతోంది. రాష్ట్రపతి పాలన నడుస్తోంది. ఆ మే నెలలో స్వర్ణదేవాలయంలో జరిగిన ఆపరేషన్ బ్లాక్ థండర్‌తో రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ కె.పి.ఎస్. గిల్ పేరు దేశమంతటా మారుమోగింది. జూలై 18న ఛండీగఢ్‌లో ఒక ఉన్నతాధికారి ఇంట విందు జరిగింది. ఆర్థికశాఖ ప్రత్యేక కార్యదర్శి, ఐ.ఎ.ఎస్. అధికారిణి శ్రీమతి రూపన్ దేవల్ బజాజ్ కూడా దానికి వెళ్లారు. అక్కడ అతిథులందరి ఎదుట గిల్ తనతో అసభ్యంగా ప్రవర్తించి, తన వెనుక భాగంపై చేత్తో కొట్టారని ఆమె ఆరోపణ.

ఆమె ముందు పై అధికారులకు చెప్పుకున్నారు. ఫలితం కనబడక జూలై 29న, అంటే పదకొండు రోజుల తర్వాత, ఛండీగఢ్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు. కేసు నమోదైంది కాని ముందుకు కదలలేదు. నిందితుడు పెద్ద పోలీసు అధికారి కనుక దర్యాప్తు నిష్పక్షపాతంగా సాగడం లేదంటూ ఆమె భర్త, తానూ ఐ.ఎ.ఎస్. అధికారియే, నవంబరులో నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేశారు.

1989 మే నెలలో పంజాబ్, హర్యానా హైకోర్టు ఈ కేసును కొట్టివేసింది. ఇది పట్టించుకోదగనంత స్వల్ప విషయమన్నది, ఫిర్యాదులో పదకొండు రోజుల జాప్యం ఉన్నదన్నది ఆ తీర్పులో చెప్పిన కారణాలు. అదే 1989లో గిల్‌కు పద్మశ్రీ లభించింది.

కోర్టుల చుట్టూ

బజాజ్ దంపతులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆరేళ్లు గడిచాక 1995 అక్టోబరు 12న జస్టిస్ ఎ.ఎస్. ఆనంద్, జస్టిస్ ఎం.కె. ముఖర్జీల ధర్మాసనం హైకోర్టు ఉత్తర్వును రద్దు చేసింది. స్త్రీ మర్యాదను దిగ్భ్రాంతికి గురిచేసే చర్య స్వల్పమైనది కాదని, భారత శిక్షాస్మృతి 354, 509 సెక్షన్ల కింద విచారణ జరపవలసిందేనని చెప్పింది. గిల్ 1995లోనే పదవీ విరమణ చేశారు. 1996 జనవరి 6న ఛండీగఢ్ మేజిస్ట్రేటు కోర్టు ఆయనను దోషిగా నిర్ణయించి మూడు నెలల కఠిన కారాగార శిక్ష విధించింది. అప్పీలులో నేరనిర్ధారణ నిలిచింది కాని, జైలుకు బదులు ప్రొబేషన్, 2 లక్షల రూపాయల జరిమానా మిగిలాయి. 2005 జూలైలో సుప్రీంకోర్టు దానినే ఖాయం చేసింది. తనకు వచ్చే పరిహారం సొమ్మును శ్రీమతి బజాజ్ వద్దన్నారు.

ఆ అధికారికి కలిగిన నష్టమెంత? జైలుకు వెళ్లలేదు. కేసు నడుస్తున్నప్పుడూ, ఆ తర్వాతా 2008 వరకు భారత హాకీ సమాఖ్య అధ్యక్షుడిగా ఉన్నారు. 2017లో మరణించినప్పుడు ఉగ్రవాదాన్ని అణచిన వీరుడిగానే చాలామంది ఆయనను స్మరించారు. ఆ సేవ నిజమే. అయితే ఒక సేవ మరొక తప్పును మాపదన్న మాట కోర్టు రికార్డులో ఎక్కించడానికి ఒక స్త్రీకి పదిహేడేళ్లు పట్టింది. ఆమె సామాన్య గుమాస్తా కాదు, ఐ.ఎ.ఎస్. అధికారిణి. ఆమెకే ఇంత కాలం పడితే తక్కినవారి సంగతి ఊహించుకోవచ్చు.

అదే ఏడాదిలో మరొక కేసు

1988 ఆగస్టులోనే ఢిల్లీలో దుస్తుల ఎగుమతుల ప్రోత్సాహక మండలిలో ఒక గుమాస్తా, చైర్మన్ ప్రైవేటు కార్యదర్శి తనను వేధించారని ఫిర్యాదు చేసింది. మండలి విచారణ జరిపి అతన్ని ఉద్యోగం నుంచి తొలగించింది. అతను ఆమెను నిజంగా తాకలేదు కదా అని ఢిల్లీ హైకోర్టు తొలగింపును రద్దు చేసింది. 1999 జనవరి 20న సుప్రీంకోర్టు, తాకకపోయినా వేధింపు వేధింపేనని చెప్పి తొలగింపును సమర్థించింది. అప్పటికి ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ ఆనంద్ ఆ ధర్మాసనంలోనూ ఉన్నారు.

ఈ మధ్యలో, రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీదేవి ఉదంతం నుంచి 1997 ఆగస్టు 13 నాటి విశాఖ తీర్పు వచ్చింది. దానిలోని మార్గదర్శకాలే 2013లో చట్టమయ్యాయి. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి కార్యాలయంలో సీనియర్ మహిళ అధ్యక్షతన కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ తొంభై రోజుల్లో ముగించాలి. ఇరుపక్షాల వాదనా వినాలి. ఆరోపణ రుజువు కాలేదన్నంత మాత్రాన అది అబద్ధమని భావించరాదని కూడా చట్టమే చెబుతోంది.

మన మాట

నా సర్వీసులో ఒకసారి ఒక టైపిస్టు అమ్మాయి కళ్లనీళ్లతో వచ్చి మా అధికారి గురించి చెప్పుకుంది. "పోనీలేమ్మా, ఆరు నెలల్లో ఆయనకు ఎలాగూ బదిలీ వస్తుంది" అన్నాను. ఊరడించాననుకున్నాను. ఆమె మరెవరికీ చెప్పలేదు. పదకొండు రోజుల ఆలస్యమే తప్పన్న తీర్పును చదివినప్పుడల్లా నాకు ఆ అమ్మాయే గుర్తుకొస్తుంది. ఆలస్యం చేయించింది నాబోటివాళ్లమే కదా.

కనుక మన ఇంటి ఆడపిల్ల ఆఫీసు నుంచి అటువంటి మాట చెబితే ముందు పూర్తిగా వినండి. తేదీ, సమయం, చూసినవారి పేర్లు రాసుకోమనండి. మూడు నెలల గడువు గుర్తుచేయండి. "పోనీలే" అని మాత్రం అనకండి.