ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మంచినీటిలో నివసించు ఒక మీసాల చేప. దీని శాస్త్రీయ నామము క్లారియస్ గారీపినస్. మన దేశములో దీనిని థాయ్ మాగుర్ అని కూడా వ్యవహరిస్తారు. తెలుగునాట చెరువులలో దొరికే మార్పు చేపకు ఇది దగ్గరి బంధువు. భారతదేశములో దీని పెంపకము నిషేధించబడినది.

పేరు, స్వస్థలము

1822లో బర్చెల్ అను ప్రకృతి శాస్త్రవేత్త ఈ చేపను మొదటిసారిగా వర్ణించెను. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నదికి గల స్థానిక నామమైన గారీప్ నుండి ఈ జాతి పేరు వచ్చినది. ఆఫ్రికా ఖండములో చాలా భాగము, జోర్డాన్ నదీ ప్రాంతము, దక్షిణ టర్కీ దీని స్వస్థలములు.

లక్షణాలు

* తల వెడల్పుగా, చదునుగా ఉంటుంది. నోటి చుట్టూ నాలుగు జతల మీసాలు ఉంటాయి. చర్మముపై పొలుసులు ఉండవు.
* మొప్పలపైన గల ప్రత్యేక అవయవముతో గాలిని నేరుగా పీల్చగలదు. అందువలన ప్రాణవాయువు తక్కువగా ఉన్న మురికి నీటిలోను, ఎండుతున్న మడుగుల బురదలోను బ్రతుకుతుంది.
* వానాకాలపు రాత్రులలో తడి నేలపై ప్రాకుతూ ఒక గుంట నుండి మరొక గుంటకు చేరగలదు.
* చేపలు, కప్పలు, పురుగులు, కుళ్ళిన మాంసముతో సహా దాదాపు దొరికినదెల్లా తింటుంది.
* ఒకటిన్నర మీటరుకు మించి పెరగగలదు. దేశవాళీ మార్పు సాధారణముగా అర మీటరు కూడా పెరగదు.

భారతదేశములో ప్రవేశము

థాయ్‌లాండ్ నుండి ఈ చేప బంగ్లాదేశ్ చేరినది. 1990ల తొలినాళ్ళలో అక్కడి నుండి అనుమతి లేకుండా పశ్చిమ బెంగాల్‌లో ప్రవేశించి, తక్కిన రాష్ట్రాలకు వ్యాపించినది. త్వరగా పెరగడము, కోళ్ళ వ్యర్థములతో చవకగా మేపగలగడము రైతులను ఆకర్షించినవి. వరదలలో చెరువుల గట్లు తెగినపుడు ఇవి నదులలో చేరినవి. గంగ, యమున, సట్లెజ్, గోదావరి నదులలో వీటి ఉనికి నమోదైనది. రాజస్థాన్‌లోని కేవలదేవ్ పక్షుల ఉద్యానవనములో ఇవి పక్షులను సైతము తినుట వలన అక్కడి నుండి తొలగింపు చేపట్టవలసి వచ్చినది.

నిషేధము

కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 1997లో ఈ చేప పెంపకమును నిషేధించినది. పెంపకము రహస్యముగా కొనసాగుట వలన 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వీటిని నిర్మూలించవలెనని ఆదేశించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అధికారులు చెరువులపై దాడులు జరిపి చేపలను పూడ్చివేసిన సందర్భములు ఉన్నవి. సంతలలో దీనిని దేశవాళీ మార్పు పేరుతో అమ్ముట కూడా కలదు.

పెన్నా నది, గార్లదిన్నె ప్రాంతము

అనంతపురానికి ఉత్తరాన ఉన్న గార్లదిన్నె మండలములో, పెనకచెర్ల వద్ద పెన్నా నదిపై మధ్య పెన్నార్ జలాశయము ఉన్నది. పెన్నా కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రమును చేరుతుంది. అనంతపురములో ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. ఇచ్చట నది ఏడాదిలో అధిక భాగము ఇసుక మేటగానే ఉంటుంది.

అందువలన ఈ జలాశయము తుంగభద్ర ఎగువ కాలువ నీటిపై ఆధారపడి ఉన్నది. 2012లో హంద్రీ-నీవా పథకము ద్వారా శ్రీశైలము నీరు జిల్లాలోని జీడిపల్లి జలాశయమును చేరినది. ఈ రెండు మార్గాలలో వచ్చేది కృష్ణా పరీవాహకపు నీరే. నీటితోబాటు చేపపిల్లలు, గ్రుడ్లు సైతము ఒక నది నుండి మరొక నదికి చేరగలవు. ఎగువన ప్రవేశించిన విదేశీ చేపకు కాలువే దారి కాగలదు.

కరవు సీమ చెరువులకు దీని వలన ముప్పు ఎక్కువ. చెరువు ఎండినపుడు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటివి చనిపోతాయి. గాలి పీల్చే ఈ చేప బురదలో మిగులుతుంది. మరుసటి వానలకు చెరువు నిండి, మత్స్యకార సంఘములు పిల్లలను వదలినపుడు అవి దీనికి ఆహారమగును. ఎండకు తట్టుకోగల కొర్రమీను, మార్పు వంటి దేశవాళీ చేపలకు సైతము ఇది పోటీ అవుతుంది. దేశవాళీ మార్పు ఇప్పటికే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘపు జాబితాలో ప్రమాదములో ఉన్న జాతిగా చేర్చబడినది.

ఇతర విదేశీ మీసాల చేపలు

* పంగస్: ఆగ్నేయాసియాకు చెందినది. 1990ల మధ్యలో దేశములోనికి వచ్చినది. దీని పెంపకమునకు నియమములకు లోబడి అనుమతి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో విస్తారముగా పెంచుతారు.
* రాకాసి చేప: దక్షిణ అమెరికాకు చెందినది. అద్దాల తొట్లలో పాచిని తినుటకై తెచ్చిన ఈ చేప నీటి వనరులలో చేరినది. గట్లలో బొరియలు త్రవ్వుతుంది, గట్టి పలకలతో వలలను చింపుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ద్వారా దీనిని గుర్తించు పద్ధతిని రూపొందించి, తూర్పు కనుమలలో పరిశీలించిన నీటి వనరులలో సుమారు 60 శాతములో దీని ఉనికిని కనుగొన్నారు.

ఇవి కూడా చూడండి

* పెన్నా నది
* గార్లదిన్నె
* తుంగభద్ర
* కొర్రమీను