సీబర్ట్ అడిగిన ఏడు ప్రశ్నలు

అమెరికా అంతర్యుద్ధానికి (1861–65) ముందు, దక్షిణ రాష్ట్రాల నుంచి తప్పించుకుని వచ్చిన బానిసలను ఊరి నుంచి ఊరికి చాటుగా చేరవేసి, ఉత్తర రాష్ట్రాలకో కెనడాకో దాటించిన మనుషుల అల్లికకు ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అని పేరు. పట్టాలూ సొరంగాలూ లేని ఆ మార్గంలో ఆశ్రయమిచ్చిన ఇంటిని ‘స్టేషన్’ అనీ, దారి చూపిన మనిషిని ‘కండక్టర్’ అనీ పిలిచేవారు. పారిపోయినవారికి సాయపడితే 1850 నాటి చట్టం కింద వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు తప్పవు కనుక, ఆ పనిలో ఉన్నవారిలో చాలామంది కాగితం మీద ఏమీ మిగల్చలేదు.

ఈ చరిత్రను పెద్దఎత్తున సేకరించినవారు విల్బర్ సీబర్ట్ (1866–1961). ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 1890ల తొలినాళ్లలో బోధన ప్రారంభించిన ఆయన, బానిసత్వ వ్యతిరేకుల తరం ఒక్కొక్కరుగా కన్నుమూస్తున్న కాలంలో, బతికున్న వృద్ధులకూ వారి సంతానానికీ ఏడు అంశాల ప్రశ్నావళి పంపారు. మీకు తెలిసిన మార్గమేది, అది ఏ కాలంలో నడిచింది, కబురు ఎలా అందేది, గుర్తున్న సంఘటనలేవి, ఆ పనిలో మీ పాత్ర ఏమిటి, ఇంకెవరిని అడగవచ్చు, మీ జీవిత వివరాలేమిటి అన్నవే ఆ ప్రశ్నలు. జవాబుల ఆధారంగా 1898లో వెలువడిన ‘ది అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ ఫ్రమ్ స్లేవరీ టు ఫ్రీడమ్’ గ్రంథంలో 3,200కు పైగా సహాయకుల పేర్లు, మార్గాలను గీతలుగా చూపిన పటం ఉన్నాయి. ఆ శ్రమ లేకపోతే ఎన్నో పేర్లు ఆ మనుషులతోనే మట్టిలో కలిసిపోయేవి.

అయితే ఆ ప్రశ్నలు ప్రధానంగా తలుపు తీసినవారికి వేసినవే తప్ప తలుపు తట్టినవారికి వేసినవి కావు. సీబర్ట్ కెనడా వెళ్లి అక్కడ స్థిరపడిన కొందరిని కలిసినా, పుస్తకంలో ముందు వరుసలో నిలిచింది తెల్లజాతి సహాయకులే. దశాబ్దాల తరువాత చెప్పిన జ్ఞాపకాలను గీతలతో కలపడం వల్ల, ఎక్కడికక్కడ అవసరాన్నిబట్టి జరిగిన సాయం ముందే పథకం వేసి నడిపిన వ్యవస్థలా కనిపించింది. సీబర్ట్ మరణించిన 1961లోనే వచ్చిన ‘ది లిబర్టీ లైన్’లో చరిత్రకారుడు లారీ గారా ఈ చిత్రాన్నే ప్రశ్నించి, తప్పించుకున్నవారు చాలావరకు తమ తెగువతోనే బయటపడ్డారని వాదించారు.

నిజానికి తప్పించుకున్నవారి మాటలను అప్పటికప్పుడే రాసిపెట్టిన మనిషి సీబర్ట్ కంటే ముందే ఉన్నారు. ఫిలడెల్ఫియాలోని బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యాలయంలో పనిచేసిన నల్లజాతీయుడు విలియం స్టిల్, వచ్చిన ప్రతివారినీ పేరు, వయసు, యజమాని ఎవరు, ఎందుకు పారిపోయారు, వెనుక ఎవరిని విడిచి వచ్చారు అని అడిగి నమోదు చేసేవారు. 1850లో ఆ కార్యాలయానికి బంధువులను వెతుక్కుంటూ వచ్చిన పీటర్ అనే వ్యక్తి కథ వింటుండగా, తమ తల్లి తప్పించుకునేటప్పుడు విడిచిరావలసి వచ్చిన కొడుకుల్లో ఒకడే ఎదుట ఉన్నాడని, అంటే అతను తన సొంత అన్న అని స్టిల్‌కు తెలిసింది. విడిపోయిన కుటుంబాలు తిరిగి కలవడానికి ఆ వివరాలు ఎంత అవసరమో ఆయన కంటే బాగా చెప్పగలవారెవరు? ప్రాణంలా దాచిన ఆ కాగితాలే 1872లో ఆయన గ్రంథమయ్యాయి. ఏమి అడగాలో స్టిల్‌కు తెలిసినంతగా సీబర్ట్‌కు తెలియలేదనే చెప్పాలి.

గారా వాదనతోనూ చర్చ ముగియలేదు. న్యూయార్క్ పత్రికా సంపాదకుడు సిడ్నీ హోవర్డ్ గే 1855–56లో తన వద్దకు వచ్చిన రెండు వందలకు పైగా మనుషుల గురించి రాసుకున్న పుస్తకాలు కొలంబియా యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. ఎవరు ఎలా తప్పించుకున్నారో, ఎవరు సాయపడ్డారో, ప్రయాణానికి ఎంత ఖర్చయిందో వాటిలో ఉంది. వాటి ఆధారంగా చరిత్రకారుడు ఎరిక్ ఫోనర్ 2015లో రాసిన ‘గేట్‌వే టు ఫ్రీడమ్’, సీబర్ట్ పటంలోని గీతలంత నిక్కచ్చిగా కాకపోయినా, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ వంటి నగరాల మధ్య మనుషులనూ డబ్బునూ కబుర్లనూ అందించుకున్న బంధం నిజంగానే ఉండేదని నిరూపించింది.