పూరీ గేట్ దాటిన తరువాత: దాంతన్ చెరువులు, మొగల్‌మారి మహావిహారం

ఖరగ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలకు పూరీ గేట్ అంటే దక్షిణానికి తిరిగిన దారి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మన పెద్దలు సెలవు దొరికినప్పుడు ఈ దిక్కునే స్వగ్రామాలకు బయలుదేరేవారు. బేల్దా, నేకుర్‌సేని, దాంతన్ స్టేషన్లు వారికి రైలు కిటికీలో కనిపించి మాయమయ్యే పేర్లు మాత్రమే. ఆ పేర్లలో ఒకదాని పక్కన ఆరు శతాబ్దాలపాటు భిక్షుసంఘం నివసించిందన్న సంగతి ఆనాడు ఎవరికీ తెలియదు. తెలియకపోవడంలో వారి లోపమేమీ లేదు; విహారం అప్పటికి మట్టిదిబ్బ కింద ఉన్నది.

ఖరగ్‌పూర్ నేల ఎర్రని కంకర నేల. దక్షిణంగా సాగేకొద్దీ ఆ ఎరుపు తగ్గి, సువర్ణరేఖ నది యుగయుగాలుగా తెచ్చిపోసిన ఒండ్రు మొదలవుతుంది. దాంతన్ చుట్టూ కనుచూపు మేర వరిపొలాలే. నది నేడు ఊరికి పడమరగా ప్రవహిస్తున్నది. వానకాలపు నీటిని వేసవికి దాచుకోవలసిన ఈ సీమలో చెరువే ఊరికి ప్రాణం. పైగా ఇది జగన్నాథ క్షేత్రానికి పోయే పాత బాట. వేల యాత్రికులకు, సేనలకు, వర్తకులకు నీరు కావలసి వచ్చింది. అందుకే ఇక్కడి చెరువులు ఊరి అవసరానికి మించినంత పెద్దవి. దాంతన్ సమీపాన గల శరశంక చెరువుకు పాత గ్రంథాలు చెప్పే కొలత సుమారు 5000 అడుగుల పొడవు, 2500 అడుగుల వెడల్పు. విద్యాధర చెరువు దానికంటె చిన్నదైనా సామాన్యమైనది కాదు.

శరశంకను తవ్వించినవాడు గౌడరాజు శశాంకుడని స్థానికుల నమ్మకం. దీనికి శాసనాధారం లేదు. అయితే ఏడవ శతాబ్ది తొలి భాగంలో ఈ సీమ ఆయన ఏలుబడిలో ఉన్నదనుటకు సందేహం లేదు. మేదినీపూర్‌లో దొరికిన ఆయన కాలపు తామ్రశాసనాలు దండభుక్తిని పేర్కొన్నాయి. ఆ దండభుక్తికి కేంద్రం నేటి దాంతన్ ప్రాంతమేనని చరిత్రకారుల అభిప్రాయం. క్రీ.శ. 1020 దశకంలో రాజేంద్రచోళుని సేనలు జయించిన దేశాలలోనూ ఈ పేరు ఉన్నది.

శశాంకుని పేరు వింటే బౌద్ధుల మనస్సు నొచ్చుకోవడం సహజం. బోధివృక్షాన్ని నరికించినవాడని ఆయనను హ్యుయన్‌త్సాంగ్ నిందించాడు. ఆ యాత్రికుడు శశాంకుని శత్రువైన హర్షుని ఆదరం పొందినవాడన్నది మనం మరువరాదు. ఆయన రాజ్యంలోనే, ఆ చెరువుకు కొద్ది మైళ్ళ దూరంలోనే, ఒక మహావిహారం నిలిచి, ఆయన తరువాత కూడా శతాబ్దాలపాటు వర్ధిల్లింది. ఇంతమాత్రాన శశాంకుడు నిర్దోషి అని తీర్పు చెప్పలేము. కాని ఒక రాజు ద్వేషం దేశమంతటా సమానంగా అమలైందని అనుకోవడం మాత్రం పొరపాటని ఈ నేల చెబుతున్నది.

ఆ విహారమే మొగల్‌మారి. దాంతన్‌కు ఉత్తరాన ఉన్న ఈ గ్రామం పేరును జనశ్రుతి 1575 మార్చిలో దావూద్ ఖాన్ కర్రానీకి, మొగలు సేనలకు జరిగిన తుకరోయి యుద్ధంతో ముడిపెడుతుంది. గ్రామంలోని దిబ్బను సఖిసేన అనే రాకుమారి చదువుకున్న పాఠశాల అని చెప్పుకొనేవారు. ఈ జనశ్రుతిలో ఒక చిత్రమున్నది: ఎవరు నివసించారో మరచిపోయినా, అది విద్యాస్థానమన్న జ్ఞాపకం మిగిలింది. 2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అశోక్ దత్తా ఇక్కడ తవ్వకం ప్రారంభించారు. తరువాత రాష్ట్ర పురావస్తు శాఖ ఆ పనిని కొనసాగించింది. సుమారు 60 మీటర్ల చదరపు విహారం, భిక్షువుల గదులు, చెక్కిన ఇటుకలు, గోడల మీద సున్నపు గారతో మలచిన మూర్తులు, పూజార్థం అచ్చొత్తిన మట్టిబిళ్ళలు బయటపడ్డాయి. 2016 జనవరిలో పెద్దసంఖ్యలో కంచు ప్రతిమలు దొరికాయి. విహారకాలం ఆరవ శతాబ్ది నుండి పన్నెండవ శతాబ్ది వరకు. మట్టిముద్రల మీది అక్షరాలలో శ్రీవందక మహావిహారమన్న పేరును పండితులు చదివారు. రాజుల ప్రశస్తి కాదు, సంఘం తన పేరును తానే అచ్చువేసుకొన్న ముద్ర అది.

ఇక దంతపురం మాట. కళింగ రాజధాని దంతపురంలో తథాగతుని దంతధాతువు పూజలందుకొన్నదనీ, నాలుగవ శతాబ్దిలో హేమమాల దానిని కేశపాశంలో దాచి భర్త దంతకుమారునితో కలిసి తామ్రలిప్తిలో ఓడ ఎక్కి సింహళం చేర్చిందనీ పాలి దాఠావంసం చెబుతుంది. రాజేంద్రలాల్ మిత్రా ఆ నగరం దాంతనే అన్నాడు. కన్నింగ్‌హామ్ రాజమహేంద్రవరమన్నాడు. నేడు ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస చేరువలోని దంతవక్త్రుని కోటను చూపుతున్నారు. తూర్పు గాంగరాజు ఇంద్రవర్మ జిర్జింగి శాసనం దంతపురం నుండి వెలువడినది గనుక, నాకు ఈ వాదమే బలంగా తోస్తున్నది. మన జిల్లా మీది అభిమానం కొంత పనిచేస్తున్నదేమో చదువరులే చూచుకోవాలి! దాంతన్ పేరుకు దంతం కంటె దండభుక్తిలోని దండమే దగ్గర. పూరీకి పోతూ చైతన్యుడు ఇక్కడ పళ్ళు తోముకొన్నందున ఆ పేరు వచ్చిందనే వైష్ణవ కథ వేరే ఉన్నది.

వాదం ఎటు తేలినా దారి మాత్రం ఒకటే. తామ్రలిప్తి అంటే నేటి తమ్లుక్. ఖరగ్‌పూర్‌కు తూర్పున ఉన్నది. వంశధార తీరం నుండి భూమార్గాన అక్కడికి వెళ్ళేవారు సువర్ణరేఖను దాటి ఈ సీమ గుండానే పోవాలి. ఫాహియాన్ తామ్రలిప్తిలో రెండేండ్లు ఉండి సూత్రాలను వ్రాసుకొన్నాడు. అదే వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం స్తూపాలను 1919లో లోకానికి తెలిపినవాడు మన గిడుగు రామమూర్తి పంతులు.

మొగల్‌మారికి దగ్గరి స్టేషన్ నేకుర్‌సేని. స్థలం రాష్ట్ర ప్రభుత్వ రక్షణలో ఉన్నది. తవ్విన దిబ్బను ఆనుకొనే ఊరి ఇళ్ళున్నాయి. వెళ్ళేవారు ఇటుకముక్కనైనా తీసికొని రాకుండా చూచి, గ్రామస్థులతో మాట్లాడి, పొద్దు ఉండగానే శరశంక గట్టుకు చేరుకొంటే, విహారమూ చెరువూ రెండూ ఒకే రోజులో చూడవచ్చును.