ఎన్నికల వ్యయము – ఓటరు ప్రశ్న : ఒక చారిత్రక పరిశీలనము

ఎన్నికల ధనమును గూర్చి ఓటరు అడుగదగిన ప్రశ్నలు మూడు. ఎంత వ్యయమైనది? ఎవరి చేతిమీదుగా వ్యయమైనది? ఆ ధనము ఎవరిది? మొదటి రెండింటికి మన శాసనము ఆదినుండియు ఏదో యొక సమాధానము చెప్పుచునే యున్నది. మూడవదాని విషయమున మాత్రము చిరకాలము తడబడినది. ఇందులకు గల కారణమును పరిశీలించుట మా యుద్దేశము.

మన వ్యయనియంత్రణ పద్ధతికి పూర్వరూపము ఆంగ్లదేశమున 1883లో వెలువడిన ఎన్నికల అక్రమాచరణ నిరోధక శాసనమున గానవచ్చును. అంతకుముందు అచ్చటి అభ్యర్థులు విందులకును, మద్యమునకును, బండ్లకును విచ్చలవిడిగా వెచ్చించెడివారు. ఆ శాసనము వ్యయమునకు గరిష్ఠ పరిమితి విధించినది. చెల్లింపులు సామాన్యముగా ఎన్నికల ఏజెంటు ద్వారానే జరుగవలెననియు, పిదప లెక్క అప్పగింపవలెననియు నిర్దేశించినది. ధనమునకును నిర్వహణమునకును ఒక వ్యక్తిని బాధ్యుని చేయుట ఇందలి కీలకము. అయితే దాని దృష్టి అభ్యర్థిపైననే నిలిచినది. దేశమంతట ప్రచారము నడపు రాజకీయ పక్షముపై ప్రసరింపలేదు.

స్వతంత్ర భారతమున 1951 నాటి ప్రజాప్రాతినిధ్య శాసనము ఈ మార్గమునే అవలంబించినది. దాని 77వ సెక్షను ననుసరించి అభ్యర్థి ప్రత్యేకముగా లెక్క ఉంచవలెను. ఫలితము వెలువడిన 30 దినములలో దానిని అధికారికి సమర్పింపవలెను. 1961 నాటి నియమముల ప్రకారము ఒక రూపాయి రుసుము చెల్లించి ఎవరైనను ఆ లెక్కను చూడవచ్చును. 2022లో సవరించిన పరిమితి ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో లోకసభ అభ్యర్థికి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థికి 40 లక్షల రూపాయలు.

ఈ లెక్కలో పక్షము చేసిన వ్యయము చేరునా? 1974 అక్టోబరు 3న కన్వర్‌లాల్ గుప్తా వ్యాజ్యమున సుప్రీంకోర్టు, అభ్యర్థి యెరుకతో, అతని ప్రయోజనమునకై పక్షము చేసిన వ్యయమును అతని లెక్కలోనే చేర్చవలెనని తీర్పు చెప్పినది. ఆ నెలలోనే వెలువడిన ఆర్డినెన్సు, పిదప వచ్చిన సవరణ చట్టము ఆ తీర్పు ఫలితమును తొలగించినవి. గోడకు ఒకవైపు మాత్రమే తలుపు వేసి, రెండవవైపు తెరచి ఉంచినట్లయినది. 2003 సవరణముతో ఆ మినహాయింపు పక్షనాయకుల ప్రయాణవ్యయమునకు పరిమితమైనను, పక్షముల మొత్తపు వ్యయమునకు నేటికిని గరిష్ఠ పరిమితి లేదు.

ఇక మూడవ ప్రశ్న. 1957లో టాటా ఇనుము–ఉక్కు కంపెనీ పక్షములకు విరాళమిచ్చుటకు అనుమతి కోరగా, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లా అనుమతి నిచ్చుచునే, ఇట్టి విరాళములవలన ప్రజాస్వామ్యమునకు వాటిల్లగల ముప్పును హెచ్చరించిరి. 1969లో కంపెనీల విరాళములు నిషేధింపబడినవి. 1985లో పరిమితులతో మరల అనుమతింపబడినవి. 20,000 రూపాయలకు మించిన విరాళముల వివరములను పక్షములు తెలుపవలెనని 2003లో విధింపబడినది. 2017లో ప్రతిపాదింపబడి, 2018లో అమలునకు వచ్చిన ఎన్నికల బాండ్ల పథకము దాత పేరును ఓటరునకు మరుగుపరచినది. కంపెనీ విరాళములకు గల లాభశాతపు పరిమితియు 2017లోనే తొలగింపబడినది.

దాతకు ప్రతీకారభయము కలదనియు, గోప్యత అతనికి రక్షణమనియు ప్రభుత్వము వాదించినది. ఈ వాదము త్రోసిపుచ్చదగినంత అల్పమైనది కాదు. కాని ఓటు రహస్యము బలహీనుని బలవంతునినుండి కాపాడును. భారీ విరాళపు రహస్యము బలవంతుని ఓటరు ప్రశ్ననుండి కాపాడును. ఈ రెండింటిని ఒక్క త్రాసున తూచుట తగదు. అభ్యర్థుల నేరచరిత్రను, ఆస్తులను తెలిసికొనుట ఓటరు హక్కని 2002లో సుప్రీంకోర్టు నిర్ణయించియుండెను. ఆ హక్కునే విస్తరించి, 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము బాండ్ల పథకమును ఏకగ్రీవముగా కొట్టివేసినది. మరుసటి నెలలో కొనుగోలుదారుల పేర్లును, గ్రహించిన పక్షముల పేర్లును ప్రజలయెదుట నిలిచినవి.

దీనినిబట్టి తేలునదేమి? శాసనము అభ్యర్థిని లెక్క అడిగినంత నిశితముగా పక్షమును అడుగలేదు. మూడవ ప్రశ్న వెనుకబడుటకు ఇదియే కారణమని మా యభిప్రాయము. 20,000 రూపాయలకు లోబడిన విరాళముల దాతల పేర్లు నేటికిని ఓటరునకు తెలియవు. ఒక్క రూపాయితో అభ్యర్థి లెక్కను చూడగల ఓటరు, ఆ అభ్యర్థిని నిలిపిన పక్షపు ధనమూలమును సంపూర్ణముగా చూడజాలడు. ఈ యంతరము తొలగునంతవరకు 1883లో మొదలిడిన పని ముగిసినదని చెప్పజాలము.