గట్క పోయి బువ్వ వచ్చె

మొన్న నా షుగరు రిపోర్టు చూసి డాక్టరు "జొన్నలు తినండి, రోజూ నడవండి" అన్నాడు. నవ్వొచ్చింది. మా కరీంనగర్ పల్లెల్లో ఒకప్పుడు రోజూ తిన్నది జొన్న గట్క, మక్క గట్కే కదా! వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. మా బాపమ్మ కోడికూతకే లేచి ఇసుర్రాయి తిప్పేదట.

1963లో నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకి పునాదిరాయి వేశారు. ఆ తర్వాత కాకతీయ కాలువ పారిన చోటల్లా జొన్నచేలు వరిమళ్ళయ్యాయి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చేసరికి పొలం లేని ఇంట్లో కూడా బువ్వ ఉడికింది. ఆ బియ్యమే మన ఆరోగ్యాన్ని చెడగొట్టిందనే వాళ్ళతో నాకు పేచీ. గట్క తిన్నవాళ్ళు ఆరోగ్యం కోసం తినలేదండీ, బియ్యం కొనలేక తిన్నారు. చేతులు కాయలు కాసేలా ఇసిరిన ఆడవాళ్ళకి అది వ్యాయామం కాదు, చాకిరీ.

కాకపోతే చాకిరీ పోయినా కంచంలో కొలత తగ్గలేదు. నాట్లేసి వచ్చినోళ్ళు తినేంత బువ్వ, పొద్దంతా కంప్యూటరు ముందు కూర్చుని నేనూ తింటున్నా. ఆదిలాబాద్ వైపు గోండు గూడేల్లో జొన్నరొట్టె ఇంకా పోలేదు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఉచితం. నేను మాత్రం జొన్నపిండి ప్యాకెట్టు సూపర్‌మార్కెట్లో కొంటున్నా, బండి మీద వెళ్ళి.