బాయిలరు వేడి – దూరం నుంచి అదుపు: ఒక చిన్న చరిత్ర

ప్రత్యేక సంచికకు "మీ ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ల సంగతులేవైనా రాయండి" అని సంపాదక మిత్రులు అడిగారు. మనలో చాలామందిమి పిల్లల దగ్గరకు అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లి వస్తున్నవాళ్లమే. అక్కడ కొన్ని ఇళ్లలో హాలు గోడ మీద అరచేతిలో పట్టే తెల్ల డబ్బా ఒకటి కనిపిస్తుంది. దానికి తీగ ఉండదు. బాయిలరేమో కింద సెల్లారులోనో, వంటింటి అలమరలోనో ఉంటుంది. డబ్బా రేడియో సంకేతం పంపితే అది వెలుగుతుంది, చాలంటే ఆరుతుంది. ఉక్కపోతకు అలవాటుపడ్డ విశాఖవాసికి ఇల్లు వెచ్చబెట్టుకోవడం వింతే గాని, డబ్బా చేసే పని మనకు కొత్త కాదు. షిఫ్టుల్లో మనం చేసిందీ అదే.

తన వేడిని తానే అదుపు చేసుకునే పొయ్యిని 17వ శతాబ్దం మొదట్లో డచ్చి దేశస్థుడు కార్నీలిస్ డ్రెబెల్ తయారుచేశాడు, కోడిగుడ్లు పొదిగించడానికి! 'థర్మోస్టాట్' అనే పేరు 1830లో స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు ఆండ్రూ యూర్ పెట్టాడు. రెండు రకాల లోహపు బద్దలను అతికిస్తే, వేడికి ఒకటి ఎక్కువ సాగి, జంట పక్కకు వంగుతుంది. పాత ఇస్త్రీ పెట్టెలో టక్కుమనేది ఈ బద్దే.

నాకు బాగా నచ్చిన ఘట్టం 1883 నాటిది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. బంట్రోతు గదిగదికీ వచ్చి చలి ఎంతుందో చూసుకుని, మళ్లీ కిందికి దిగి పొయ్యి డాంపరు సర్దేవాడు. పాఠం మధ్యలో ఆగేది. జాన్సన్ గదిలో ఒక ఉష్ణ సాధనం పెట్టి, తీగ లాగి, కింద గంట కట్టాడు. గంట మోగితే కింద ఉన్నవాడు డాంపరు సర్దాలి. కొలిచే చోటు ఒకటి, మంట ఉన్న చోటు మరొకటి, మధ్యలో మనిషి. మన కంట్రోల్ రూముకు పూర్వీకుడు ఆ గంటేనని నా అభిప్రాయం. ఆ తర్వాత కొద్దికాలానికే మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ డాంపరును యంత్రం చేతే తిప్పించి ఆ మధ్యమనిషినీ తప్పించాడు.

మన ఊరి సంగతికి వద్దాం. ఉక్కు కర్మాగారానికి ఇందిరా గాంధీ గారు శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20న. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 'గోదావరి' 1990లో వెలిగింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఫర్నేసుకు గాలి ఊదడానికైనా, కరెంటుకైనా ఆవిరి కావాలి గనుక సొంత థర్మల్ ప్లాంటు ఏర్పడింది. ఇలాంటి పెద్ద బాయిలర్లలో ఆవిరి దాదాపు 540 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నడుస్తుంది. అంతకు పది, పదిహేను డిగ్రీలు ఎక్కువగా నడుస్తూ పోతే సూపర్‌హీటర్ గొట్టం ఆయుష్షు సగానికి పడిపోతుందని పాత అంచనా. గొట్టం ఆ రోజే పగలదు, కొన్నేళ్ల తర్వాత ఎవరి షిఫ్టులోనో పగులుతుంది. మన బాధంతా ఆ పది డిగ్రీల గురించే.

ఉక్కు కర్మాగారాల బాయిలర్లకు మరో చిక్కుంది. బొగ్గుతోపాటు బ్లాస్ట్ ఫర్నేసు వాయువు కూడా మండిస్తారు. అది పస తక్కువ వాయువు, కావలసిన వేడికి చాలా ఎక్కువ మండించాలి. దాంతో పొగ పరిమాణం పెరిగి, పొగ దారిలో ఉన్న సూపర్‌హీటర్ వేడెక్కి, ఆవిరి ఉష్ణోగ్రత పైకి పాకుతుంది. వెంటనే నీళ్ల స్ప్రే పెంచాలి. ఫర్నేసు వాళ్ల ఇబ్బంది బాయిలరు వాళ్ల చార్టు మీద ఎర్ర గీతగా కనిపించేదన్నమాట. కోక్ డ్రై క్వెంచింగ్ బాయిలర్లది ఇంకా విచిత్రం. అక్కడ ఆర్పడానికి మంటే లేదు. ఎర్రగా కాలిన కోకు మీదుగా నైట్రోజన్ తిప్పి, ఆ వేడితో ఆవిరి చేస్తారు. అందుకని అదుపంతా ఆ వాయువును ఎంత తిప్పుతున్నామన్న దానిలోనే.

అంత వేడిని కొలిచేది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహపు తీగల అతుకు వేడెక్కితే విద్యుత్తు పుడుతుందని 1821లో సీబెక్ కనిపెట్టాడు. క్రోమెల్, అల్యుమెల్ తీగలైతే 540 డిగ్రీల దగ్గర పుట్టేది దాదాపు 22 మిల్లీవోల్టులు మాత్రమే. ఆ చిటికెడు సంకేతాన్ని వందల మీటర్లు క్షేమంగా మోసుకురావడమే మా విభాగం ఉద్యోగం. విశాఖ ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చబడతాయి. కాంపెన్సేటింగ్ కేబులు తీగలు అటుదిటు తగిలిస్తే మీటరు తప్పు చెబుతుంది, అదీ నిజమనిపించేలా చెబుతుంది. సున్నా చూపించే మీటరు కంటే అదే ప్రమాదం.

తీగ తెగితే ఏం కావాలన్నది ముందే నిర్ణయించి పెడతారు. ముల్లు పూర్తిగా పైకి వెళ్లేలా పెడితే, 'వేడి ఎక్కువైంది' అని అలారం మోగి మనిషి పరుగెత్తుతాడు. కిందికి పడేలా పెడితే యంత్రం 'చల్లగా ఉంది' అనుకుని స్ప్రే కట్టేస్తుంది. అందుకే ముఖ్యమైన చోట్ల మూడేసి సెన్సార్లు పెట్టి, రెండు ఒప్పుకుంటేనే నమ్ముతారు.

ఇళ్ల డబ్బాకూ ఇదే ప్రశ్న. బ్యాటరీ అయిపోతే, సంకేతం అందకపోతే బాయిలరు ఏం చెయ్యాలి? చాలా వాటిలో అది ఆగిపోతుంది. మంచు కురిసే రాత్రి ముసలివాళ్లున్న ఇంట్లో అదీ చిన్న విషయం కాదు. వెళ్లినప్పుడు బ్యాటరీలు ఎక్కడున్నాయో, చేత్తో వెలిగించే స్విచ్చి ఎక్కడో పిల్లల్ని అడిగి ఉంచుకోండి. డబ్బాను ఎండ పడే కిటికీ దగ్గర, పొయ్యి పక్కన పెట్టనివ్వకండి, ఇల్లంతా వెచ్చగా ఉందనుకుంటుంది. చలి ఎక్కువైందని 28 డిగ్రీలకు తిప్పినా ఇల్లు తొందరగా వేడెక్కదు. మామూలు డబ్బా వెలిగించడం, ఆర్పడం తప్ప మరేమీ చెయ్యదు.

కర్మాగారాలకూ తీగలేని ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. వైర్‌లెస్ హార్ట్ పద్ధతి 2007లో వెలువడి, 2010లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఎక్కలేని గొట్టాల మీద, తిరిగే యంత్రాల మీద అవి బాగా పనికొస్తాయి. మంట ఆరితే గ్యాసు కట్టేసే ట్రిప్పును మాత్రం మామూలుగా ఇప్పటికీ తీగ మీదే నడుపుతారు.