చిత్రావతి, పాపఘ్ని, పినాకినుల దాపున మన రాతి కట్టడాలు

నంది కొండల చుట్టుపక్కల పుట్టే నదుల పేర్లు మన పెద్దవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవారు. ఉత్తర పినాకిని, అంటే పెన్న; దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి, చిత్రావతి, పాపఘ్ని. వీటిలో చిత్రావతి మన బాగేపల్లి మీదుగా ఆంధ్రలోకి దిగి, పుట్టపర్తి దాటి పెన్నలో కలుస్తుంది. పాపఘ్ని కడప జిల్లాలో పెన్నను చేరుతుంది. మన బాగేపల్లి, చింతామణి, గుడిబండ, గౌరిబిదనూరు తాలూకాలు ఈ ఏళ్ళ నడుమ ఉన్నవే. ఈ నేల మీద పన్నెండు వందల ఏళ్ళుగా కట్టిన గుళ్ళు, కోటలు, కల్యాణులు, ఇళ్ళ వివరాలను ఒకచోట చేర్చి చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక పోలిక

ఫ్రాన్సు దేశంలో లువార్ అనే నది ఉంది. ఆ దేశంలో అన్నిటికన్నా పొడుగైన నది అదే. ఆ నది లోయలో సుల్లీ నుంచి షాలోన్ వరకు సుమారు 280 కిలోమీటర్ల భాగాన్ని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక్కొక్క కోటనూ విడిగా కాకుండా కోటలు, ఊళ్ళు, తోటలు, గట్లు అన్నీ కలిపి ఒకే వారసత్వంగా గుర్తించారు. అక్కడి షాంబోర్ కోట కట్టడం 1519లో మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ విజయనగర రాజులు పాలిస్తున్నారు. తర్వాత కొద్దికాలానికే, అచ్యుతదేవరాయల పాలనలో (1529-1542), లేపాక్షి వీరభద్రాలయం లేచింది.

అక్కడి రాయి తెల్లగా, మెత్తగా ఉంటుంది. నదిలో నీళ్ళున్నందున పడవల మీద రాయిని తరలించారు. మనకు ఆ రెండు వసతులూ లేవు. మన రాయి గట్టి నల్లబండ. మన ఏళ్ళు వాన పడితేనే పారతాయి. అందుకే మన కట్టడాల్లో ముందు చూడాల్సింది నీళ్ళ ఏర్పాటు. కోట చూసినా గుడి చూసినా పక్కన దొణో, కల్యాణో, చెరువో తప్పకుండా ఉంటుంది.

నంది: భోగ నందీశ్వరాలయం

కొండ కింద నంది గ్రామంలో ఉన్న ఈ ఆలయ చరిత్రకు క్రీ.శ. 806 నాటి శాసనం ఆధారం. అది రాష్ట్రకూట రాజు మూడవ గోవిందుడి కాలానిది. తర్వాత బాణులు, గంగులు, నోళంబులు, చోళులు, హొయసళులు, విజయనగర రాజులు ఈ సీమను ఏలారు. ఆలయం కూడా విడతలు విడతలుగా పెరిగింది. దక్షిణాన అరుణాచలేశ్వరుడు, ఉత్తరాన భోగ నందీశ్వరుడు, మధ్యలో ఉమా మహేశ్వరుల చిన్న గుడి. ఆ మధ్య గుడి ముందున్న కల్యాణ మంటపం స్తంభాల మీద తీగలు, చిలుకలు అంత గట్టి రాతిలో అంత సన్నగా ఎలా చెక్కారో దగ్గర నిలబడి చూడాలి. బాల్యం, భోగం, యోగం అనే మూడు దశల్లో మూడోదానికి కొండపైన యోగ నందీశ్వరుడున్నాడు.

ఇక్కడి మెట్ల కల్యాణి పేరు శృంగి తీర్థం. నంది కొమ్ముతో పొడిస్తే నీరు ఉబికి దక్షిణ పినాకిని పుట్టిందని స్థలపురాణం. కొండమీది కోటను 1791 అక్టోబరులో కార్న్‌వాలిస్ సేనలు టిప్పు సుల్తాను నుంచి పట్టుకున్నాయి. టిప్పు వేసవి విడిది ఇప్పటికీ పైన ఉంది.

పాళెగాళ్ళ కోటలు

పాతపాళ్య అన్న పేరులోని 'పాళ్య' పాళెగాళ్ళ కాలం నాటి మాటే. మన బాగేపల్లి తాలూకాలోనే ఉన్న గుమ్మనాయకనపాళ్య, గుమ్మనాయకుడనే పాళెగాడి పేరు మీద వెలిసింది. బండకొండ మీద కోట గోడలు, బురుజులు, గుళ్ళు, దొణలు ఇంకా నిలిచి ఉన్నాయి. సున్నం లేకుండా రాయి మీద రాయి ఒరిపించి పేర్చిన గోడ ఎన్ని వానలకైనా ఆగింది. దానికి చేటు మనుషుల చేతుల్లోనే ఉంది.

గుడిబండ కోటను పదిహేడో శతాబ్దంలో హావళి బైరేగౌడ కట్టించాడని ప్రతీతి. దానికి సురసద్మగిరి అని మరో పేరు. అంచెలంచెలుగా పైకి పోయే ఈ కోటలో బండల మధ్య వాన నీరు నిలిపే దొణలే ముఖ్యం. పైదొణ నిండితే నీరు కిందిదానికి దిగుతుంది. కొండ కింద బైరసాగర చెరువు ఉంది. కోట, దొణలు, చెరువు మూడూ కలిస్తేనే ఆ కట్టడం పూర్తి అర్థమవుతుంది.

గుళ్ళు, తీర్థాలు, రాళ్ళు

బాగేపల్లి దగ్గర దేవరగుడిపల్లి గడిదం వెంకటరమణస్వామి, చింతామణి వైపు ఆలంబగిరి వెంకటరమణస్వామి, చిక్కబళ్ళాపురం దగ్గర రంగస్థలం రంగనాథస్వామి మన ఇళ్ళలో ఏటా మొక్కులున్న దేవుళ్ళు. కైవారంలో అమరనారాయణస్వామి గుడి, భీమలింగేశ్వరాలయం ఉన్నాయి. తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన కైవారం తాతయ్య, యోగి నారేయణ, అక్కడివారే. గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో ఉత్తర పినాకిని దాపున వరుసలు వరుసలుగా నాగప్రతిష్ఠ రాళ్ళున్నాయి. 1938లో అక్కడ స్వాతంత్ర్య యోధుల మీద కాల్పులు జరిగాయి. పేరుకు కారణమైన పాత అశ్వత్థ వృక్షం 2001లో కూలింది.

సరిహద్దు దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగితే లేపాక్షి. విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి, పైకప్పు మీది వర్ణచిత్రాలు, నేలను సరిగా తాకని స్తంభం, అసంపూర్తిగా ఆగిన కల్యాణ మంటపం, సుమారు 27 అడుగుల ఏకశిలా నంది అక్కడ చూడవలసినవి. 2022లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది.

ఊరి పొలిమేరల్లో నిలబడ్డ వీరగల్లులనూ మరచిపోకూడదు. కింది పలకలో పోరు, మధ్యలో అప్సరసలు వీరుణ్ణి పైకి తీసుకుపోవడం, పైన శివసన్నిధి. ఆవుల మంద కోసమో ఊరి కోసమో చచ్చిపోయిన మనిషికి ఊరు నిలిపిన గుర్తు అది.

మన ఇళ్ళు

వారసత్వం అంటే గుడీ కోటా మాత్రమే కాదు. రాతి కూసాలు, వాటి మీద దూలాలు, దంతెలు, పైన చౌడుమన్ను పరిచిన మట్టిమిద్దె, గాలీ వెలుతురూ వచ్చే గవాక్షం, ముందు అరుగు. ఇది ఈ ఎండకూ ఈ రాతికీ కుదిరిన ఇల్లు. బండను నిప్పుతో కాచి, ఉలితో కొట్టి పొరలుగా లేపే పని తరతరాలుగా చేసిన వడ్డెరల ఇంటి మాట తెలుగే. మిద్దెలు తీసి సిమెంటు స్లాబు వేసుకోవడం తప్పని చెప్పలేం. ఏటేటా చౌడు తోలించే మనుషులు ఇప్పుడెక్కడ దొరుకుతారు? కాని తీసేముందు నాలుగు ఫొటోలు తీసి, కొలతలు రాసి పెట్టుకోవచ్చు కదా.

ఏం పోతోంది, ఎందుకు పట్టించుకోవాలి

మొదటి నష్టం నిధి వేటగాళ్ళది. పాడుబడ్డ గుడిలో లింగం కింద, నంది కింద తవ్వి పోతారు. దొరికేది ఏమీ ఉండదు, విగ్రహం మాత్రం పగులుతుంది. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే జిల్లా కలెక్టరుకు తెలపాలి. రెండోది భక్తితో చేసే నష్టం. శాసనాల మీద, శిల్పాల మీద ఆయిల్ పెయింటు పూస్తాం, పాత రాతి నేల తీసి టైల్సు వేస్తాం. అక్షరం పూడిపోయాక చదివేవాడికి ఏమీ మిగలదు. మూడోది క్వారీలు. నాలుగోది పూడిక, ప్లాస్టిక్‌తో నిండిన కల్యాణులు.

మన కుటుంబాలకు ఇందులో మరో సంగతి ఉంది. మీరు ఎప్పుడు వచ్చారు ఇక్కడికి అని అడిగేవాళ్ళకు మన దగ్గర కాగితాలు లేవు. ఉన్న సాక్ష్యం రాళ్ళే. బి.ఎల్. రైస్ 1905లో వెలువరించిన ఎపిగ్రాఫియా కర్నాటికా పదో సంపుటం పాత కోలారు జిల్లాది. మన చిక్కబళ్ళాపురం 2007 వరకు ఆ జిల్లాలోదే కదా. అందులో తాలూకా వారీగా, ఊరి వారీగా అంకెలు వేసి కన్నడ శాసనాల పక్కనే తెలుగు, తమిళ శాసనాలను కూడా అచ్చు వేశారు. రెండు భాషలూ ఒకే ఊళ్ళో పక్కపక్కనే బతికాయని ఆ రాళ్ళే చెప్తాయి. నూరేళ్ళకు పైగా అయింది, అచ్చులో ఉన్న ప్రతి రాయీ ఈనాడు ఊళ్ళో ఉందో లేదో చూడవలసింది మనమే.

ఊరి వారు చేయగలిగినవి

1. ఆ సంపుటంలో మీ ఊరి పేరు వెతికి, రాయి ఉన్నచోటు చూసి ఫొటో తీయండి.
2. బట్టలుతికే బండగా, మెట్టుగా వాడుతున్న శాసనపు రాయి కనిపిస్తే గ్రామ పంచాయితీకి రాతపూర్వకంగా తెలపండి. అర్జీ నకలు దగ్గర ఉంచుకోండి.
3. గుడి జీర్ణోద్ధారం తలపెట్టినప్పుడు ముజరాయి శాఖనూ పురావస్తు శాఖనూ ముందే అడగండి. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషిద్ధం, ఆపై 200 మీటర్ల వరకు అనుమతి కావాలి.
4. కల్యాణి పూడిక తీసేటప్పుడు జేసీబీని మెట్ల మీదికి దించవద్దు. మెట్టు కదిలితే గోడ మొత్తం జారుతుంది.
5. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలుంటే కోట, చెరువు, ఇంటి భాగాల పేర్లు వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టండి.

ఫ్రాన్సువాళ్ళకు ఒక లోయ పేరు చెప్తే ప్రపంచమంతా గుర్తుపడుతుంది. మన చిత్రావతి లోయ అంత పేరు పడకపోయినా ఫరవాలేదు. మన పిల్లలు గుమ్మనాయకనపాళ్య కొండ చూపించి అది ఏమిటో చెప్పగలిగితే చాలు.